నీళ్ళు నిండిన గుహ దారిని ఒక్క ఊపిరితో దాటడం: పోవడానికీ తిరిగి రావడానికీ పూర్తి పద్ధతి

బెలుం గుహల్లో పాతాళగంగ దాకా దిగి వచ్చినవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడుగుతున్న ప్రశ్న ఇది. ఆ నీళ్ళు బండ కిందికి పోతున్నాయి కదా, మునిగి అవతలికి పోవచ్చా? పోతే ఎట్లా?

పాతాళగంగ వరకు జవాబు ఒక్కటే: పోకూడదు. అది పర్యాటకులు చూసి రావలసిన చోటు, నీళ్ళలో దిగే చోటు కాదు. బిల్లసర్గం గవులు, యాగంటి, అహోబిలం చుట్టుపక్కల గుహలకూ ఇదే మాట. కొన్ని పురావస్తు స్థలాలు, కొన్ని పూజలు జరిగే చోట్లు, నల్లమలలో ఉన్నవి పులుల అభయారణ్యంలోవి.

కానీ అడిగిన ప్రశ్న మంచిదే. గుహల్లో దారి కిందికి వంగి, నీళ్ళు పైకప్పును తాకేసిన చోటును సంప్ అంటారు. పొట్టి సంప్‌ను గాలి సిలిండర్ లేకుండా, ఊపిరి బిగబట్టి, తాడు పట్టుకుని దాటే పద్ధతి ఒకటుంది. ఇంగ్లండ్‌లోని మెండిప్ కొండల్లో స్విల్డన్స్ హోల్ గుహలో మొదటి సంప్‌ను అక్కడి గుహయాత్రికులు ఏళ్ళుగా అట్లాగే దాటుతున్నారు. అది పొట్టిది, తాడు కట్టి ఉంటుంది, అవతల ఏముందో తెలుసు. ఈ మూడూ ఉన్నచోట, ఆ గుహ బాగా తెలిసినవాళ్ళ వెంట పోయేవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

చదువుతున్నంతసేపూ ఒకటి గుర్తుంచుకోండి. సంప్ దాటడం ఒకసారి చేసే పని కాదు, రెండుసార్లు చేసే పని. అవతల తేలిన తర్వాత ఇంటికి దారి మళ్ళీ ఆ నీళ్ళలోనుంచే. అప్పటికి మీరు అలసి ఉంటారు, నీళ్ళు బురదగా ఉంటాయి, లైటు డిమ్ముగా ఉంటుంది. కింద చెప్పే ప్రతి నిర్ణయమూ ఆ రెండో మునక కోసమే తీసుకోవాలి.

1. ఏది దాటవచ్చు, ఏది వదిలేయాలి

నేను పాటించే కొలత ఇది. మీ చెయ్యి అవతల గాలిలోకి వచ్చేసరికి మీ కాలు ఇవతల ఉన్నవాడి చేతికి అందుతూ ఉండాలి. అంటే చెయ్యి చాపిన మనిషి పొడవుకు లోపలే. సుమారు ఒకటిన్నర, మహా అయితే రెండు మీటర్లు. ఇంతలో ఎక్కడ చిక్కుకున్నా వెనక ఉన్నవాడు కాలు పట్టి లాగగలడు. అంతకు మించితే మీకు సాయం చేసే చెయ్యి లేదు.

కింది వాటిలో ఒక్కటి ఉన్నా వెనక్కి తిరగండి:

- ఇంతకు ముందు ఎవరూ దాటి కొలవని సంప్. అది సిలిండర్లతో, గుహ డైవింగ్ శిక్షణతో చేయవలసిన పని.
- లోపల మలుపు ఉన్నది, లేదా దారి రెండుగా చీలేది.
- నీళ్ళు లోపలికి లాగుతున్నది. ప్రవాహంతో పోవడం సులువు, ఎదురు రావడం కష్టం. రావలసింది ఎదురే.
- తలకు హెల్మెట్‌తో, భుజాలకు సరిపోయే వెడల్పు లేనిది.
- అవతల నిలబడే చోటు లేకుండా, తల మాత్రమే పట్టే గాలి సందు ఉన్నది.

"పోయినేడు మావాళ్ళు దాటారు, ఒక్క మీటరే" అని ఎవరైనా చెబితే నమ్మే ముందు ఏ నెలలో దాటారో అడగండి. ఎందుకో కింద చెబుతాను.

2. నీటి మట్టం: సంప్ పొడవు రోజూ ఒకటే ఉండదు

సంప్ దగ్గర పైకప్పు నిటారుగా దిగదు, ఏటవాలుగా దిగుతుంది. అందువల్ల మట్టం ఒక జానెడు పెరిగితే మునిగిన దారి జానెడు పెరగదు, ఒక్కోసారి మీటర్లకు మీటర్లు పెరుగుతుంది. వేసవిలో ఒక్క మీటరున్నది వాన తర్వాత ఐదు మీటర్లు కావచ్చు. సున్నపురాయి గుహల్లో దీన్నే చాలామంది తక్కువ అంచనా వేస్తారు.

రెండో చిక్కు ఆలస్యం. వాన పైన పడిన వెంటనే కింద నీళ్ళు పెరగాలని లేదు. చీలికల గుండా దిగి, ఎక్కడో నిండి, గంటల తర్వాతో మరుసటి రోజో గుహలోకి చేరవచ్చు. పైన ఎండ కాస్తున్నా లోపల మట్టం లేస్తూ ఉండవచ్చు.

మన సీమలో వాన తక్కువ కదా అని ధీమా వద్దు. పడితే ఒక్కసారే పడుతుంది. 2009 అక్టోబరులో కర్నూలు మునిగిన తీరు, 2021 నవంబరులో కడప జిల్లా చెయ్యేరు మీద అన్నమయ్య డ్యామ్ కట్ట తెగిన తీరు మనమంతా చూశాం. నైరుతి వెనక్కి పోయాక వచ్చే అక్టోబరు, నవంబరు, డిసెంబరు వాయుగుండాలే మనకు ఎక్కువ ప్రమాదం. సంప్ ఉన్న గుహకు ఎక్కడికి పోయినా అక్కడి ఎండాకాలంలోనే పోవాలి. బయలుదేరే ముందు ఒక్క ఆ ఊరి వాతావరణమే కాదు, ఆ గుహకు నీళ్ళు తెచ్చే కొండలన్నిటి వాతావరణం చూడాలి.

సంప్ చేరగానే మొదటి పని నీటి అంచున గోడ మీద గుర్తు పెట్టడం. తడి బురదతో ఒక గీత చాలు. అరగంట కూర్చోండి. గీత మునిగితే ఆ రోజుకు పని అయిపోయినట్టే.

3. సాధన: బాయిలో ఈత వచ్చు, అది చాలదు

మన ఊళ్ళలో నడుముకు బెండ్లు కట్టుకుని బాయిలో ఈత నేర్చుకున్నవాళ్ళు గట్టి ఈతగాళ్ళే. అడుగుకు పోయి ఫుట్‌వాల్వు విప్పి తెచ్చేవాళ్ళను చూశాను. వాళ్ళ ఊపిరికి, ధైర్యానికి వంక పెట్టను. కానీ బాయిలో తల పైకెత్తితే ఆకాశం. సంప్‌లో తల పైకెత్తితే బండ. ఊపిరి ఆడనప్పుడు పైకి తన్నుకోవడం ఒంటికి పట్టిన అలవాటు. సంప్‌లో ఆ అలవాటే చంపుతుంది. దాన్ని మార్చుకోవడానికే సాధన.

బాయిలో, కె.సి. కాలువలో, నీళ్ళు నిండిన నాపరాయి గనుల్లో ఈ సాధన చేయకండి. కాలువలో ఒరవడి, గనుల్లో కత్తిలాంటి బండ అంచులు, బావుల్లో మోటారు వైర్లు, విషవాయువు. కాపలా మనిషి ఉన్న ఈతకొలనే సరైన చోటు.

అక్కడ ఈ వరసలో చేయండి:

1. కొలను పక్క మెట్ల దగ్గర, నడుము లోతు నీళ్ళలో, అడుగున ఒక తాడు రెండు కొసలా కట్టండి. ఈత కొట్టకుండా, కాళ్ళు ఆడించకుండా, చేత్తో తాడు పట్టి లాక్కుంటూ రెండు మీటర్లు పోండి.
2. అదే పని హెల్మెట్‌తో, గుహలో వేసుకునే బట్టలతో.
3. అదే పని కళ్ళు మూసుకుని.
4. మధ్యలో ఆగి, నెమ్మదిగా ఐదు లెక్కపెట్టి, వెనక్కి రండి. ఆగగలగడం, వెనక్కి రాగలగడం ముందుకు పోవడం కంటే ముఖ్యం.
5. చివరగా నీటి మీద ఒక తేలే పలకను ఇద్దరు పట్టుకుంటే దాని కింద దాటండి. పైకి లేవాలనిపించినప్పుడు తల కాదు, చెయ్యి ముందు లేపడం అలవాటు చేసుకోండి.

ఒకరు మునిగితే ఒకరు చూస్తూ ఉండాలి. చూసేవాడు ఫోను పట్టుకోకూడదు. ఊపిరి ఎంతసేపు బిగబడతారని పందాలు వద్దు. మీకు కావలసింది ఐదారు సెకన్ల మునక, కానీ భయం లేని మునక.

మూర్ఛ, ఉబ్బసం, గుండె జబ్బు, చెవి కర్ణభేరికి రంధ్రం ఉన్నవాళ్ళు దీని జోలికి పోవద్దు. జలుబుతో ఉన్న రోజు ఎవరూ పోవద్దు. మీటరు లోతుకే చెవి మీద ఒత్తిడి తెలుస్తుంది. ముక్కు మూసి మెల్లగా ఊది దాన్ని సరిచేసుకోవాలి, జలుబుంటే అది కుదరదు.

4. సామాను

- గడ్డం పట్టీ బిగుతుగా ఉండే హెల్మెట్. వదులుగా ఉంటే నీళ్ళలో వెనక్కి జారి గొంతు పట్టేస్తుంది.
- మనిషికి మూడు లైట్లు, రెండు హెల్మెట్‌కే. పొలంలో రాత్రి నీళ్ళు కట్టడానికి వాడే తలలైటు వానకు తట్టుకుంటుంది, మునిగితే తట్టుకోదు. మునిగినా తట్టుకుంటుందని తెలిపే ఐపీఎక్స్8 గుర్తు ఉన్నది కొనండి. ఇంటి దగ్గర బకెట్లో ఒక రాత్రి ముంచి చూసి తీసుకుపోండి.
- ఒంటికి అతుక్కునే బట్టలు. వేలాడే నాడాలు, జేబు గొలుసులు, మెడలో తాయెత్తు, చేతికి కంకణం అన్నీ తీసేయాలి.
- మోకాలి, మోచేతి ప్యాడ్లు.
- డైవింగ్ మాస్కు ఉంటే మంచిదే. కానీ అది లేకుండా కూడా దాటగలగాలి, ఎందుకంటే మధ్యలో ఊడిపోవచ్చు.
- వెట్‌సూట్ (నీళ్ళలో వేసుకునే రబ్బరు బట్టలు) చోటును బట్టి. మెండిప్‌లో నీళ్ళు 10 డిగ్రీల చుట్టుపక్కల ఉంటాయి, అది లేకుండా దిగలేరు. వేడి ప్రాంతాల గుహల్లో రాపిడికి పనికొస్తుంది గానీ, అది మనిషిని పైకి తేల్చి కప్పుకు అదుముతుంది. కొలనులో దానితోనే సాధన చేసి ఉండాలి.

నడుముకు బరువులు కట్టుకోకండి. ఇంత పొట్టి దూరానికి అవసరం లేదు, ఇరుక్కుంటే విప్పడం కష్టం.

5. తాడు

సంప్‌లో కళ్ళ పని తాడే చేస్తుంది. మొదటి మనిషి దాటగానే బురద లేచి, రెండో మనిషికి ఏమీ కనబడదు.

సాగని నైలాన్ తాడు, 8 నుంచి 10 మిల్లీమీటర్ల మందం. బజారులో లారీలకు కట్టడానికి అమ్మే నీలం, పసుపు ప్లాస్టిక్ తాడు వద్దు. అది నీళ్ళ మీద తేలుతుంది. సంప్‌లో తేలిన తాడు కప్పు చీలికల్లోకి ఎక్కి, మనిషి పట్టని సందులోకి దారి చూపిస్తుంది.

ముందే కట్టి ఉన్న తాడైనా ఒంటి బరువంతా వేసి లాగి చూడాలి. వరద కాలంలో బండకు ఒరుసుకుని తెగే దశకు వచ్చి ఉండవచ్చు. అవతలి కొస కదులుతోందా, మధ్యలో ఎక్కడైనా వదులుగా ఉచ్చులా పడి ఉందా? వదులు తాడు కాళ్ళకు చుట్టుకుంటుంది. అనుమానం ఉంటే అక్కడితో ఆగండి.

తాడును నడుముకు ముడి వేసుకోకండి. చేత్తో పట్టుకోవాలి. ఒక చెయ్యి జరిగేటప్పుడు రెండో చెయ్యి తాడు మీదే ఉండాలి.

సైగలు నీళ్ళ అంచునే, అందరూ పైకి పలికి ఖాయం చేసుకోండి. మేము వాడేవి: మూడు గుంజులు అంటే "చేరాను, బాగున్నాను". రెండు అంటే "తర్వాతివాళ్ళు రావచ్చు". ఆపకుండా గుంజితే "సాయం కావాలి". మరో జట్టు సైగలు వేరుగా ఉండవచ్చు, అందుకే ప్రతిసారీ కొత్తగా చెప్పుకోవాలి.

6. గాలి: కనబడని ప్రమాదం

దీన్ని వేరే పెట్టాను, ఎందుకంటే దీని గురించి అడిగేవాళ్ళు తక్కువ.

మన గుహల్లో ఉక్క తెలిసిందే. గాలి ఆడని గదుల్లో, కుళ్ళిన ఆకులు, గబ్బిలాల పెంట ఉన్నచోట కార్బన్ డయాక్సైడ్ పోగవుతుంది. సంప్ అవతల గది రెండువైపులా మూసుకుపోయి ఉంటే అక్కడి గాలి ఇంకా చెడ్డది. బయటి గాలిలో అది 0.04 శాతం. రెండు మూడు శాతానికి చేరితే ఏ పనీ చేయకుండానే ఆయాసం, తలనొప్పి వస్తాయి. ఆ స్థితిలో ఊపిరి బిగబట్టడం దాదాపు అసాధ్యం. తిరిగి రావలసిన మునక అక్కడినుంచే కదా మొదలయ్యేది.

బాయిలో దిగే ముందు లాంతరు దింపి చూసే అలవాటు మనకుంది. లైటరు వెలిగించి చూడటమూ అదే. ఆక్సిజన్ బాగా తగ్గితేనే మంట ఆరుతుంది. కార్బన్ డయాక్సైడ్ మనిషిని ఇబ్బంది పెట్టే స్థాయికి చేరినా మంట వెలుగుతూనే ఉండవచ్చు. ఆరితే ఖచ్చితంగా వెనక్కి రండి, ఆరకపోతే మాత్రం గాలి మంచిదని అనుకోకండి. కార్బన్ డయాక్సైడ్ కొలిచే మీటరే నమ్మదగినది.

కూర్చుని ఉన్నా ఎగశ్వాస వస్తోందంటే మునగకూడదు. ఇవతల ఉంటే బయటికి నడవండి. అవతల ఉంటే వెంటనే, ఇంకా దిగజారకముందే, తిరుగు ప్రయాణం పట్టండి.

7. నీటి అంచున: వరస

జట్టులో కనీసం నలుగురు ఉండాలి. గుహ బయట ఒకరికి మీరు ఎక్కడ ఉన్నారో, ఏ గంటకల్లా రావాలో రాసి ఇచ్చి ఉండాలి. ఆ గంట దాటితే వాళ్ళు 112కు ఫోను చేయాలి, "ఇంకొంచెం చూద్దాం" అనకూడదు.

- నీటి గీత చూశారా, కదల్లేదా?
- తాడు లాగి చూశారా?
- లైట్లన్నీ వెలుగుతున్నాయా?
- సంచి, తాళ్ళు, బెల్టు తీసి పక్కన పెట్టారా?
- సైగలు అందరూ పలికారా?
- ఎవరికైనా మనసు ఒప్పుకోవడం లేదా?

చివరి ప్రశ్నకు ఎవరైనా అవునంటే వాళ్ళు ఇవతలే ఉంటారు, తోడుగా ఇంకొకరు. ఎందుకని అడగొద్దు, బతిమాలొద్దు.

అనుభవం ఉన్నవాడు ముందు, కొత్తవాడు మధ్యలో, ఇంకో అనుభవస్థుడు చివర. తిరుగులోనూ అంతే.

మునిగే ముందు ముఖం, మెడ, ఛాతీ తడుపుకోండి. చల్లని నీళ్ళు హఠాత్తుగా తగిలితే ఒళ్ళు తనంతట తాను ఊపిరి లాగుతుంది. అది నీళ్ళ కింద జరగకూడదు. తర్వాత ముఖం గాలిలో ఉంచి, తాడు పట్టుకుని, కాళ్ళు ముందు లోపలికి చాపి కప్పు ఎట్లా ఉందో తడమండి. చివరగా తల ముంచి, అక్కడే ఆగి, పది లెక్కపెట్టి లేవండి. గుండె దడ తగ్గకపోతే ఇంకోసారి చేయండి.

8. మునక

ఊపిరి గురించి చాలా జాగ్రత్తగా చదవండి. గబగబా పది పదిహేను ఊపిర్లు తీసి మునిగితే ఎక్కువసేపు ఉండవచ్చని ఈతగాళ్ళు చెబుతారు. అది ప్రాణాంతకం. ఊపిరి తీయాలన్న తపన ప్రధానంగా కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్ల పుడుతుంది. గబగబా శ్వాసతో అది బయటికి పోతుంది, ఆక్సిజన్ మాత్రం పెద్దగా పెరగదు. తపన రాకముందే ఆక్సిజన్ పడిపోయి మనిషి హెచ్చరిక లేకుండా స్పృహ తప్పుతాడు.

1. రెండు నిమిషాలు కదలకుండా మామూలుగా ఊపిరి తీయండి.
2. ఒక్క నిండు ఊపిరి తీసి, దానిలో కొంచెం వదిలేయండి. ఊపిరితిత్తులు పూర్తిగా నిండి ఉంటే ఒళ్ళు తేలి కప్పుకు రాసుకుంటుంది.
3. బోర్లా, తల ముందుగా, తాడు పట్టి లాక్కోండి. ఈదకండి, కాళ్ళు తన్నకండి.
4. హెల్మెట్ కప్పుకు తగిలితే కంగారు పడొద్దు, అది తగలవలసిందే. ఒళ్ళు ఇంకాస్త కిందికి దించి సాగండి.
5. చెయ్యి పైకి చాపి గాలి తగిలాకే తల లేపండి.
6. ముఖం తుడుచుకుని ఊపిరి తీసి, తాడు వదలకుండా పక్కకు జరగండి. సైగ చేయండి.

సంచులు మొదటి మనిషి చేరాక తాడుకు కట్టి లాగండి. గాలి ఉన్న సీసాలు, మూసిన డబ్బాలు సంచిని కప్పుకు అతికిస్తాయి. నీళ్ళు నింపో, గాలి తీసేసో పంపండి.

9. జరిగే తప్పులు, అప్పటికప్పుడు చేయవలసినవి

*ఏదో పట్టేసింది.* ముందుకు లాగకండి. ఒక జానెడు వెనక్కి జరగండి. ఎక్కువసార్లు పట్టేది హెల్మెట్ పట్టీయో, లైటు వైరో. తాడు మీద ఒక చెయ్యి ఉంచి రెండో చేత్తో విప్పండి. విడకపోతే కాలు ఆడించండి, వెనకవాడు లాగుతాడు. వెనకవాడి చెయ్యి మీ చీలమండ దగ్గరే ఉండాలనేది ఇందుకే.

*తాడు జారింది.* ఉన్నచోటే ఆగి చేతిని గోడవైపు అర్ధచంద్రంగా తిప్పండి. దొరకకపోతే వచ్చిన దిక్కుకే వెనక్కి.

*లైటు పోయింది, మాస్కులో నీళ్ళు నిండాయి.* పట్టించుకోకండి. ఐదారు సెకన్ల మునకకు కళ్ళతో పని లేదు.

*మనిషి స్పృహ లేకుండా బయటపడ్డాడు.* ఊపిరి లేకపోతే ముందు నోటితో ఊపిరి ఊది, తర్వాత 30 ఛాతీ నొక్కులకు 2 ఊపిర్ల చొప్పున ఆపకుండా చేయండి. మునిగినవాడికి మొదట కావలసింది గాలి. జట్టులో ఇది చేతితో నేర్చుకున్నవాళ్ళు కనీసం ఇద్దరు లేకపోతే యాత్ర మానుకోండి.

*అవతల ఉండగా నీళ్ళు పెరిగాయి.* అన్నిటికంటే కష్టమైన నిర్ణయం ఇదే. మట్టం పెరిగిందంటే సంప్ పొడవు పెరిగింది. వచ్చేటప్పుడు రెండు మీటర్లున్నది ఇప్పుడెంతో మీకు తెలియదు. దిగకండి. గాలి బాగుంటే ఎత్తైన చోటుకు ఎక్కి, ఒకరికొకరు ఆనుకుని, లైట్లు ఒక్కొక్కటిగా వాడుకుంటూ ఆగండి. 2018లో థాయ్‌లాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలో 12 మంది పిల్లలు, వాళ్ళ కోచ్ జూన్ 23న చిక్కుకుని, జులై 2న కనబడి, జులై 10కల్లా అందరూ బయటపడ్డారు. వాళ్ళు ఎత్తైన చోట ఆగారు కాబట్టే సాయం అందే దాకా బతికి ఉన్నారు. ఆ సహాయంలో నీళ్ళలోకి దిగిన మాజీ నౌకాదళ డైవర్ సమన్ కునాన్ సిలిండర్లు ఉండి కూడా ప్రాణం పోగొట్టుకున్నాడు.

10. మునగకుండానే దాటగలిగితే

చాలా పొట్టి సంప్‌లను తోడేయవచ్చు. ఈ పని మన రైతులకు నేర్పనక్కర్లేదు: ట్యూబు నిండా నీళ్ళు నింపి, రెండు కొసలూ బొటనవేళ్ళతో మూసి, ఒక కొస మడుగులో, రెండో కొస మడుగు మట్టం కంటే పల్లంలో పెట్టి వదిలితే చాలు. పల్లం లేకపోతే బకెట్లే దిక్కు. కప్పు కింద ముక్కు పట్టేంత ఖాళీ ఏర్పడినా పని ఎంతో సులువవుతుంది. వెల్లకిలా పడుకుని, ముక్కు కప్పు వైపు ఉంచి, అలలు లేపకుండా జరగవచ్చు.

ఊట ఉన్నచోట తోడిన మడుగు మళ్ళీ నిండుతుంది. ఎంతసేపటికి ఎంత నిండుతోందో గీతతో చూసుకుని, ఇవతల ఒకరిని తోడుతూ ఉంచే అవతలికి పోండి. నిండితే మునిగి రాగలిగినవాళ్ళే పోవాలి.

11. బయటికి వచ్చాక

చెవులు ఆరబెట్టుకోండి. గీరుకున్న చోట్లు సబ్బుతో కడగండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ వల్ల లెప్టోస్పైరోసిస్ రావచ్చు. నెల రోజుల్లోపు జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళు ఎర్రబడటం కనిపిస్తే డాక్టరుకు గుహ నీళ్ళలో మునిగిన సంగతి చెప్పండి. గబ్బిలాలున్న గుహ అయితే దగ్గు, ఆయాసం వచ్చినప్పుడు ఆ సంగతీ చెప్పాలి.

ఆ రోజే ఒక కాగితం మీద ఇవి రాసి, గుహ సంగతి చూసేవాళ్ళకు ఇవ్వండి: తేదీ, అంతకుముందు వారం వానలు, నీటి గీత ఎక్కడ ఉంది, మునిగిన దారి పొడవు, తాడు ఎక్కడెక్కడ ఒరుసుకుపోయింది, అవతల గాలి మీటరు ఎంత చూపించింది. తాడు పాతబడి ఉంటే ఆ మాట మొదటి వరుసలో రాయండి.